పద్యనాటకము - వెండితెర: కాలప్రమాణమును గూర్చిన విచారణ

చలనచిత్రము వచ్చి పద్యనాటకమును మింగివేసినదని పలువురు చెప్పుట కలదు. ఈ మాటలో కొంత సత్యము లేకపోలేదు. కాని మింగబడినది ఏది? కథలు పోలేదు. హరిశ్చంద్ర, చింతామణి, వరవిక్రయము, శ్రీకృష్ణతులాభారము మున్నగునవి రంగస్థలమును వీడి తెరకెక్కినవే, కొన్ని రెండు మూడు మారులు కూడ ఎక్కినవి. పద్యములును పోలేదు. 1977లో వెలువడిన 'దానవీరశూరకర్ణ'లో సైతము తిరుపతి వేంకటకవుల పద్యములు వినవచ్చుచున్నవి. పోయినది వేరొకటి. రంగస్థలమున పద్యమునకు గల కాలప్రమాణమే అదియని మా అభిప్రాయము.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) బళ్లారిలో పద్యములతోను పాటలతోను గూడిన నాటకములకు ప్రతిష్ఠ కల్పించిరి. 1885లో కడప మండలమందలి సురభిలో ఆరంభమైన నాటకసమాజము ఆ సంప్రదాయమును ఊరూర వ్యాపింపజేసెను. రాత్రి భోజనములైన పిదప మొదలైన నాటకము తెల్లవారుజాము వరకు సాగుట వింత కాదు. అచ్చుప్రతిలో ఒక సీసపద్యము ఎత్తుగీతితో గూడ పది పండ్రెండు పంక్తులకు మించదు. రెండు నిమిషములలో చదివివేయవచ్చును. నటుడు హార్మోనియము శ్రుతినందుకొని రాగమాలపించి, చివరి పాదమున స్వరమును నిలిపి, సభ 'వన్స్‌మోర్' అని కేకవేయగా మరల ఎత్తుకొన్నచో, అదే పద్యము ఎంతసేపు సాగునో చెప్పజాలము. ఆ కాలమును నిర్ణయించువాడు కవి కాడు. నటుడును ప్రేక్షకుడును కలిసి నిర్ణయింతురు. కాంట్రాక్టు నాటకములలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు రంగమెక్కుట కూడ ఈ గానస్పర్ధ ఫలితమే. 'పాండవోద్యోగము'ను పుస్తకమున చదివి రాయబారఘట్టమును గూర్చి తీర్పు చెప్పువారు ఈ సంగతి మరువరాదు.

ఇట్టి నాటకము తొలిసారి శబ్దచిత్రమైనది 'భక్త ప్రహ్లాద'తో. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున, సురభి కమలాబాయి, మునిపల్లె సుబ్బయ్య మున్నగు రంగస్థలనటులతో అది బొంబాయిలో నిర్మింపబడినది. 1931 సెప్టెంబరు 15న విడుదలయినదని చిరకాలము చెప్పుకొనిరి. సెన్సారు ధ్రువపత్రము 1932 జనవరి 22 నాటిదనియు, విడుదల ఆ ఫిబ్రవరి 6న జరిగినదనియు రెంటాల జయదేవ పరిశోధన తేల్చినది. మనకిచ్చట ముఖ్యము తేదీ కాదు, నిడివి. ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిల్ము శబ్దచిత్రమున నిమిషమునకు తొంబది అడుగుల వంతున నడచును. వేయి అడుగుల రీలు పదునొకండు నిమిషములలో ముగియును. రాత్రియంతయు నాడిన కథ రెండు గంటలలో ముగియవలసివచ్చెను. పైగా నేపథ్యగానము లేని దినములవి. నటుడు మైకునకు అందునట్లు నిలిచి పాడవలెను, చుట్టును వాద్యగాండ్రు కెమెరా కంటబడకుండ దాగియుండవలెను. పొరపాటు జరిగినచో ఫిల్ము వృథా. అట్టి చోట రాగవిస్తారమునకు తావెక్కడ?

అయినను కోతకు తొలి కత్తెర సినిమాది కాదు. అంతకు మునుపే గ్రామఫోను పద్యమును కత్తిరించినది. డెబ్బదియెనిమిది చుట్ల రికార్డునకు ఒక్కొక్క ప్రక్క మూడు మూడున్నర నిమిషములకంటె ఎక్కువ ఇమడదు. నాటకమును చూడనివారు కూడ పద్యమును ఆ కొలతలోనే విని కంఠస్థము చేసిరి.

ప్రేక్షకులు తెరపై సహజాభినయమునే కోరిరని తలచుట తొందరపాటు. 1936లో ద్రౌపదీ కథపై రెండు చిత్రములు పోటీపడినవి. 'ద్రౌపదీ మానసంరక్షణము'న దుర్యోధనుడు బళ్లారి రాఘవ. పద్యమును రాగమున ముంచివేయుట అభినయమునకు చేటని నమ్మినవారాయన. సూత్రము ననుసరించినచో వెండితెరకు ఆయనకంటె తగినవారెవరు? కాని గెలిచినది 'ద్రౌపదీ వస్త్రాపహరణము'. అందు సి. ఎస్. ఆర్. ఆంజనేయులు, యడవల్లి సూర్యనారాయణ, కన్నాంబ నటించిరి. జయాపజయములకు వేరు కారణములును ఉండవచ్చును. అయినను ఆనాటి ప్రేక్షకుడు సినిమాహాలునకు నాటకమును వినుటకే పోయెనను ఊహకు ఇది కొంత బలమిచ్చుచున్నది.

అసలు మార్పు నేపథ్యగానముతో వచ్చినది. శ్రీకృష్ణతులాభారములోని సత్యభామ పాటను తీసికొందము. ముత్తరాజు సుబ్బారావు నాటకమునకై దానిని స్థానం నరసింహారావు స్వయముగా రచించుకొని, స్త్రీవేషమున తానే పాడి, తానే అభినయించెడివారు. ఒక్క పల్లవినే మరల మరల ఎత్తుకొని, ఎత్తుకొన్నప్పుడెల్ల వేరొక భావమును చూపెడివారని ప్రసిద్ధి. ఆవృత్తియే అచ్చట అర్థము. 1966 నాటి చిత్రమున ఆ పాట పి. సుశీల కంఠమున, జమున ముఖమున కనబడును. పాట చక్కగనే యున్నది. జమున గర్వమును చూపిన తీరును మెచ్చనివారు లేరు. కాని రచన, గానము, అభినయము ఒక్కని దేహమునుండి మువ్వురకు పంచబడినవి. పల్లవి ఎన్నిమార్లు రావలెనో ముందే రికార్డు చేయబడినది. ఏ భావమును దగ్గరగా చూడవలెనో ప్రేక్షకునకు బదులు కెమెరా నిర్ణయించినది.

దీనిని కేవలము నష్టముగా లెక్కించుట మాకు సమ్మతము కాదు. ఘంటసాల (1922-1974) తెరకై పాడిన పద్యములను గమనింపుడు. రాగచ్ఛాయను క్షణమాత్రము చూపి, సమాసమును విరుగనీయక, అన్వయము చెడకుండ ఆయన పాదము ముగింతురు. నాటకశాల వెనుక వరుసలో కూర్చున్నవానికి రంగస్థలగానమున అందని మాటలు ఈ పద్ధతిలో నిరక్షరాస్యునకు కూడ అందినవి. కాలము తగ్గుటచే అర్థము స్ఫుటమైనదని ఒప్పుకొనక తప్పదు. తరువాతి రంగస్థలగాయకులు పలువురు ఆ బాణీని అనుకరించిరి కూడ. తెర నాటకమునుండి పుచ్చుకొనుటయే కాక నాటకమునకు తిరిగి ఇచ్చినదియు కలదన్నమాట. అయితే అనుకరణలో కొందరికి ఆయన స్పష్టతకంటె మైకుపై మమకారమే ఎక్కువ అబ్బినది.

'భక్త ప్రహ్లాద' ప్రతి నేడు లభ్యము కాదు. కావున ఈ విషయమున పరిశోధన చేయగోరు విద్యార్థులు తొలి చిత్రములకై వెదకుటతోపాటు, ఒకే పద్యమును మూడు చోట్ల, అచ్చుప్రతిలో, గ్రామఫోను రికార్డులో, చిత్రములో, గడియారము చేతబట్టి సరిపోల్చవలెను. ఏ పాదము విడువబడినది, ఏ పాదము రెట్టింపబడినది, రాగము పదమునకు ముందు వచ్చినదా వెనుక వచ్చినదా యని గుర్తింపవలెను. నాలుగవ ప్రతి, అనగా సభాసదుల కేకలతో గూడినది, ఆ రాత్రులలో కూర్చున్న వృద్ధుల జ్ఞాపకములలో మాత్రమే మిగిలియున్నది. దానిని ముందుగా వ్రాసికొనవలెను.