క్షమించడం వేరు, కాపలా తీసేయడం వేరు
సమాజ వ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత గురించి తెలుసుకుందాం

స్త్రీల కూడికలో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు కొందరు తల్లులు, భార్యలు తల వంచుకొని "మావాడు మారాలని ప్రార్థించండి" అని మాత్రం అంటారు. దాని వెనకున్న సంగతి చెప్పరు. డ్వాక్రా అప్పు తెచ్చిన డబ్బు మాయమవుతుంది. మెళ్లో గొలుసు తాకట్టుకు పోతుంది. అడిగితే దెబ్బలు. మర్నాడు ఏమీ జరగనట్టే అతను నవ్వుతూ మాట్లాడతాడు. నగరం, రేపల్లె, బాపట్ల, తెనాలి ప్రాంతాల్లో ఏ సంఘ కాపరినడిగినా ఇలాంటి ఇల్లు ఒకటైనా గుర్తుకొస్తుంది.

ఇలాంటి ప్రవర్తన అంతా జబ్బు కాదు. కొందరిలో మాత్రం దీని వెనక వైద్యులు గుర్తించిన ఒక మానసిక రుగ్మత ఉంటుంది. దానినే యాంటీ సోషల్ పర్సనాలిటీ డిజార్డర్, అంటే సమాజ వ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత అంటారు. ఎవరితోనూ కలవని మనిషిని, ఆరాధనకు రాని మనిషిని "యాంటీ సోషల్" అనడం మనకు అలవాటు. ఈ జబ్బుకు, బిడియానికి సంబంధం లేదు. నిజానికి ఈ రుగ్మత ఉన్నవారిలో చాలామంది నలుగురితో ఇట్టే కలిసిపోతారు, తీయగా మాట్లాడతారు.

లక్షణాలు ఏమిటి?

మానసిక వైద్యులు వాడే నిర్ధారణ గ్రంథం ఏడు లక్షణాలు చెబుతుంది. చట్టాన్ని పదే పదే మీరడం, స్వలాభం కోసం అబద్ధాలాడి మోసగించడం, ముందూవెనకా చూడకుండా పనిచేయడం, తరచూ కొట్లాటలకు దిగడం, తన ప్రాణాన్నీ ఎదుటివారి ప్రాణాన్నీ లెక్కచేయకపోవడం, ఉద్యోగంలోనూ అప్పుల్లోనూ బాధ్యత లేకపోవడం, ఇతరులను బాధపెట్టినా పశ్చాత్తాపం కలగకపోవడం. వీటిలో కనీసం మూడు ఏళ్ల తరబడి కనిపించాలి. వయసు 18 నిండాలి. 15 ఏళ్లకు ముందే దొంగతనం, జంతువులను హింసించడం, ఇల్లు వదిలి పారిపోవడం వంటి తీవ్రమైన ప్రవర్తన లోపాలు కనబడి ఉండాలి. ఒక తప్పు చేసినవాడికో, తాగినప్పుడు మాత్రమే అరిచేవాడికో ఈ పేరు అంటించకూడదు. నిర్ధారించవలసింది సైకియాట్రిస్టే.

వందమందిలో ఒకరి నుంచి నలుగురి వరకు ఈ రుగ్మత ఉండవచ్చని అంచనా. స్త్రీలలో కంటే పురుషుల్లో సుమారు మూడు రెట్లు ఎక్కువ. 12 దేశాల జైళ్లలో జరిగిన 62 సర్వేలను కలిపి 2002లో ప్రచురించిన పరిశీలనలో, పురుష ఖైదీల్లో 47 శాతం మందికి, స్త్రీ ఖైదీల్లో 21 శాతం మందికి ఇది ఉన్నట్టు తేలింది.

ఎందుకు వస్తుంది?

ఒక్క కారణం చెప్పలేం. వంశపారంపర్యంగా వచ్చే స్వభావం కొంత, చిన్నతనంలో పడిన దెబ్బలు, నిరాదరణ, ఇంట్లో తాగుడు, హింస కొంత. కాబట్టి "పెంపకం సరిగా లేదు" అని తల్లి మీద మొత్తం నింద వేయడం అన్యాయం. దయ్యం పట్టిందని కొట్టడం, కట్టేయడం అంతకంటే పెద్ద తప్పు. మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

చికిత్స ఉందా?

ఉంది. అయితే ఓపిక కావాలి. ఈ రుగ్మత కోసమే ఆమోదించిన మాత్ర ఏదీ లేదు. దానితోపాటు ఉండే తాగుడు, మత్తుమందుల అలవాటు, దిగులు, ఆందోళనలకు మందులు, వైద్యం ఉన్నాయి. అవి తగ్గితే ఇంట్లో చాలా మార్పు కనిపిస్తుంది. ఆలోచననూ ప్రవర్తననూ సరిదిద్దే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని, ముఖ్యంగా బృందంగా చేసే పద్ధతిని, బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు 2009లోనే సూచించాయి. నలభై ఏళ్లు దాటాక చాలామందిలో దూకుడు తగ్గుతుంది.

అన్నింటికంటే ఫలితమిచ్చేది పిల్లల వయసులో అందే సహాయం. ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక ఈ రుగ్మత లేకుండానే బతుకుతారని అమెరికాలో లీ రాబిన్స్ 1966లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. బడి నుంచి పదే పదే ఫిర్యాదులు వస్తే "వయసొస్తే వాడే మారతాడు" అని కూర్చోవద్దు. తల్లిదండ్రులకు శిక్షణనిచ్చే కౌన్సెలింగ్ కూడా చికిత్సలో భాగమే.

ఎక్కడికి వెళ్లాలి?

ముందుగా 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ప్రభుత్వ టెలీ మానస్ సేవ ఉచితం, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మన ప్రాంతంవారికి గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో మానసిక వ్యాధుల విభాగం ఉంది. తాగుడు, మత్తు అలవాట్లకు 14446. రోగి రానంటే కుటుంబసభ్యులే ముందు వెళ్లి సలహా అడగవచ్చు. ఏ వయసు నుంచి ఏం జరిగిందో కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఎందుకంటే రోగి డాక్టరు ముందు ఎంతో మర్యాదగా మాట్లాడవచ్చు. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని చట్టమే చెబుతోంది.

ఇంట్లో దెబ్బలుంటే చికిత్స కంటే ముందు ప్రాణరక్షణ. పోలీసులకు 112, స్త్రీలకు 181, పిల్లలకు 1098.

సంఘం ఏం చేయాలి?

"పెళ్లి చేస్తే బాగుపడతాడు" అనే మాటను మన సంఘాల్లో ఇక వినిపించనీయవద్దు. ఆ మాటకు మూల్యం చెల్లించేది ఏ పాపమూ ఎరుగని ఆడపిల్ల. దెబ్బలు తిని వచ్చిన సహోదరిని "సర్దుకుపోమ్మా" అని వెనక్కి పంపవద్దు. కన్నీళ్లతో ఒక ఆదివారం సాక్ష్యం చెప్పినంత మాత్రాన చందా డబ్బు, చీటీ డబ్బు అతని చేతికి ఇవ్వవద్దు. జక్కయ్య మారాడని మనం నమ్మేది అతను మాట్లాడినందుకు కాదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానని పూనుకున్నందుకు. మార్పు నిజమైతే అప్పు తీరుతుంది, చెయ్యి లేవదు, చికిత్స తేదీ తప్పదు.

జబ్బు ఉందని తప్పు ఒప్పైపోదు. తప్పు చేశాడని మనిషి పనికిరానివాడూ కాడు. అతని కోసం ప్రార్థిద్దాం, డాక్టరు దగ్గరికి తోడు వెళ్దాం. అతను మారేదాకా ఆ ఇంటి తలుపు దగ్గర కాపలా కూడా ఉందాం.