వికలాంగ పింఛను తిరస్కరణ, అప్పీలు: గంజాం జిల్లా

వైకల్యం ఉన్నవారు ప్రభుత్వ పింఛను కోసం పెట్టుకున్న దరఖాస్తును అధికారులు తోసిపుచ్చినప్పుడు, లేదా వస్తున్న పింఛనును ఆపేసినప్పుడు, ఆ నిర్ణయాన్ని మళ్లీ పరిశీలించమని పైవారిని కోరడం అప్పీలు. ఒడిశాలోని గంజాం జిల్లాలో ఈ పింఛనును ఒడియా మాటతో ‘భత్తా’ అంటారు. ఇక్కడ చాలామందికి అప్పీలు దాకా వెళ్లే అవకాశమే రాదు. ‘మీకు రాదు’ అని నోటిమాటగా చెప్పి పంపేస్తే, చేతిలో కాగితం లేనివారు దేని మీద అప్పీలు చేసుకుంటారు? అందుకే ఈ విషయంలో మొదటి పోరాటం భత్తా కోసం కాదు, తిరస్కరణ కాగితం కోసం.

పథకాలు

ఒడిశా ప్రభుత్వం 1985 నాటి వికలాంగ పింఛను నిబంధనలనూ, 1989 నాటి వృద్ధాప్య పింఛను నిబంధనలనూ కలిపి 2008లో మధుబాబు పింఛను యోజన ప్రారంభించింది. ఒడియా ప్రాంతాల ఏకీకరణకు పాటుపడిన మధుసూదన్ దాస్ పేరు దీనికి పెట్టారు. కేంద్రానిది ఇందిరా గాంధీ జాతీయ వికలాంగ పింఛను పథకం. ఇది 2009లో మొదలైంది. దీనికి దారిద్ర్యరేఖకు దిగువన ఉండాలి, వైకల్యం 80 శాతమైనా ఉండాలి. ఇందులో కేంద్రం వాటా నెలకు 300 రూపాయలు. మధుబాబు పథకంలో 80 శాతం షరతు లేదు. కాబట్టి కేంద్ర పథకానికి పనికిరారన్న మాటను రాష్ట్ర పథకానికీ పనికిరారన్నట్టు తీసుకోకూడదు. ఈ రెండింటినీ కలగలిపి విని ఇంటికి వెళ్లిపోయేవారున్నారు.

2025లో ఒడిశా ప్రభుత్వం 80 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారి పింఛనును నెలకు 3,500 రూపాయలకు పెంచింది. దాంతో డాక్టరు రాసే అంకెకు విలువ మరింత పెరిగింది.

శాతం దగ్గర ఆగినప్పుడు

తిరస్కరణ రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి ఆసుపత్రిలో, రెండోది కచేరీలో. ఏ గుమ్మం దగ్గర ఆగిందో తెలియకుండా ఎక్కడ మొరపెట్టుకున్నా పని కాదు.

2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. అంతకు ముందున్న 1995 చట్టంలో అవి ఏడే. చాలా సదుపాయాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. ఆ శాతం ఎలా కడతారో తెలుసుకోకపోతే అప్పీలు గాలిలో కొట్టిన దెబ్బే. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగున్నవారికి 30 శాతమే వస్తుంది. పగలంతా మగ్గం మీద సన్నపోగులు చూసే పట్టు నేతగాడికి అది ఎంత నష్టమో ఆ అంకె చెప్పదు.

రెండు లోపాలున్నప్పుడు లెక్క ఇంకా కష్టంగా ఉంటుంది. రెండింటినీ కూడరు. పెద్ద శాతాన్ని అలాగే ఉంచి, దాన్ని 90 నుంచి తీసివేస్తారు. మిగిలినదాన్ని చిన్న శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. కాలికి 25, చేతికి 20 అనుకుందాం. కూడితే 45. ఈ లెక్కన 39.4 మాత్రమే వస్తుంది. అంటే గీత దాటలేదన్నమాట. ఇలాంటివారు అప్పీలులో ‘అన్యాయం జరిగింది’ అని రాస్తే చాలదు. కొలవకుండా వదిలేసిన మూడో లోపం ఏదైనా ఉందేమో చూసుకోవాలి. వినికిడి పరీక్ష జరిగిందా? జరిగితే రెండు చెవులకూ చేశారా? ఇవి అడగాల్సిన ప్రశ్నలు.

చట్టంలోని 58వ సెక్షను ప్రకారం పరీక్షించిన అధికారి ధ్రువపత్రమైనా ఇవ్వాలి, చట్టం చెప్పిన వైకల్యం లేదని రాతపూర్వకంగానైనా తెలియజేయాలి. మూడో దారి లేదు. కేంద్ర నిబంధనల్లో తిరస్కరణకు కారణాలు రాసి ఇవ్వడానికి ఎనిమిదో ఫారం ప్రత్యేకంగా ఉంది. 59వ సెక్షను అప్పీలు హక్కు ఇస్తుంది. ఎవరికి, ఎన్ని రోజుల్లో, ఏ పద్ధతిలో అన్నది రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ వారి తిరస్కరణ ఉత్తరంలోనే 60 రోజుల గడువు రాసి ఉంటుంది. బ్రిటన్‌లో మొదటి పునఃపరిశీలనకు ఒక నెల. మన దగ్గర కాగితం చేతికొచ్చిన రోజే, గడువెంతో, అప్పీలు ఎవరికి చేసుకోవాలో రాసివ్వమని అడగడం మంచిది.

తాత్కాలిక ధ్రువపత్రం సంగతి వేరు. స్థితి మారే అవకాశం ఉందనుకుంటే డాక్టర్లు కాలపరిమితి వేసి ఇస్తారు. అది ముగిశాక పింఛను ఆగితే అక్కడ కావలసింది అప్పీలు కాదు, మళ్లీ పరీక్ష.

సూరత్ మరమగ్గాల్లో పనిచేస్తూ చెయ్యి పోగొట్టుకుని ఊరికి తిరిగొచ్చే గంజాం కూలీ, గుజరాత్‌లో ఇచ్చిన వైకల్య ధ్రువపత్రాన్ని ఇక్కడ చూపవచ్చు. అది దేశమంతటా చెల్లుతుందని 58వ సెక్షనే చెబుతుంది. కార్మిక బీమా కింద వచ్చే పరిహారానికి మాత్రం వైద్య మండలి వేరు, అప్పీలు దారీ వేరు.

కచేరీలో ఆగినప్పుడు

శాతం సరిపోయినా ఆదాయం ఎక్కువనో, నివాస పత్రం లేదనో, ఇంకో పింఛను వస్తోందనో ఆపవచ్చు. పల్లెల్లో బ్లాకు కార్యాలయం, బరంపురంలో నగరపాలక సంస్థ ఈ దరఖాస్తులు చూస్తాయి. వాటి మీద మొర కలెక్టరుకు చేరాలి. జిల్లా కేంద్రం బరంపురం కాదు, ఛత్రపురం. ఒడిశా జిల్లాల్లో కలెక్టరు, పోలీసు సూపరింటెండెంటు కలిసి సోమవారాల్లో ఫిర్యాదులు వింటారు. ‘జన శుణాణి’ అనే ఆన్‌లైన్ వేదిక కూడా ఉంది. ఎక్కడ ఇచ్చినా రసీదు తీసుకోవాలి.

దరఖాస్తు ఏమైందో చెప్పకుండా తిప్పుతుంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం పనికొస్తుంది. ఫైలు మీద రాసిన నోట్ల నకలు అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. నోటిమాట తిరస్కరణను కాగితం మీదికి తెచ్చే సాధనాల్లో దీనికి సాటైనది మరొకటి లేదనే చెప్పాలి.

భాష

గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఒడిశా ఏర్పడ్డాక కచేరీ భాష ఒడియా అయింది. బరంపురం వీధుల్లో, గోపాల్‌పూర్ తీరాన నోలియాలనే జాలరుల పల్లెల్లో చాలామందికి ఇంటి మాట తెలుగుగానే మిగిలింది. మాట్లాడటానికి ఒడియా వచ్చినా చదవడం రానివారికి నోటీసు వస్తే గడువు తెలిసేలోపే రోజులు గడిచిపోతాయి. రాజ్యాంగంలోని 350వ అధికరణం, కష్టనివారణ కోసం ఏ అధికారికైనా రాష్ట్రంలోనో కేంద్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నపం ఇచ్చే హక్కు ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. గంజాం తెలుగువారు దీన్ని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. తెలుగులో రాసిన అర్జీ చెల్లదని ఎవరూ అనకూడదు. దానికి ఒడియా అనువాదం జతచేస్తే పని త్వరగా అవుతుందన్నది వేరే మాట.

సరిహద్దుకు అవతల

బరంపురానికి దక్షిణంగా, సరిహద్దు దాటగానే ఇచ్ఛాపురం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగ పింఛను నెలకు 6,000 రూపాయలు. ధ్రువపత్రం దేశమంతా చెల్లినా పింఛను మాత్రం నివాసాన్ని బట్టే. బంధుత్వాలు రెండు వైపులా ఉన్న కుటుంబాల్లో ఈ తేడా మనసును కలచివేస్తుంది. అక్కడా అంతా సాఫీగా లేదు. 2025లో వైకల్యాలను తిరిగి పరీక్షించి, 40 శాతానికి తక్కువ తేలినవారికి ఆగస్టులో నోటీసులిచ్చారు. ఆందోళన రేగాక, పల్లెల్లో ఎంపీడీవోకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనరుకు అప్పీలు చేసుకోమన్నారు. అప్పీలు చేసినవారికి మళ్లీ వైద్య పరీక్షలు జరిపారు. ఎవరిని కలవాలో నోటీసు అందుకున్న మనిషికి తెలియడం అక్కడి ప్రక్రియలో మేలైన అంశం.

పై మెట్లు

భువనేశ్వర్‌లో రాష్ట్ర వికలాంగుల కమిషనరు ఉంటారు. హక్కు దక్కలేదన్న ఫిర్యాదు మీద విచారణ జరిపే అధికారం, అందుకు సివిల్ కోర్టుకుండే కొన్ని అధికారాలు ఆయనకున్నాయి. ఆయన చేసేది సిఫారసు. దానిపై తీసుకున్న చర్యను సంబంధిత శాఖ మూడు నెలల్లో తెలియజేయాలి. అదీ ఫలించకపోతే కటక్‌లోని ఒరిస్సా హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయవచ్చు. ఖర్చుకు భయపడనక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తుంది. గంజాం జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థ బరంపురంలో ఉంది. ఫోను చేయాలనుకుంటే జాతీయ సహాయ సంఖ్య 15100. ఆ సంస్థకు వెళ్లేటప్పుడు ధ్రువపత్రం, దరఖాస్తు రసీదు, తిరస్కరణ కాగితం తీసుకెళ్లాలి. ఆ మూడోది ఇవ్వలేదంటే, దాని కోసం రాసిన అర్జీ నకలైనా ఉండాలి.