రాజు గారి దారి

ఆ కర్రలు కాస్త ఎగదొయ్యండర్రా, మంట ఆరిపోతంది. గుంటలంతా ఇలా దగ్గరికొచ్చి కూకోండి.

భీమవరంలో అల్లూరి సీతారామరాజు గారి విగ్రహం చూసొచ్చామన్నారు కదా. 30 అడుగుల కంచు విగ్రహం, 2022 జులై 4న ప్రధానమంత్రి వచ్చి ఆవిష్కరించారు. మంచిదే. కానీ ఆయన తిరిగిన నేల మన పక్కనే ఉంది. ఇక్కడ బస్సెక్కి నర్సీపట్నంలో దిగితే, అక్కడి నుంచి గొలుగొండ మీదుగా కృష్ణదేవిపేట దాకా, ఇటు చింతపల్లి దాకా అదంతా రాజు గారి దారే.

ఆ చింతపల్లి రోడ్డు సంగతి మా తాత చెప్తే రక్తం మరిగిపోయేది. గూడెంలో బాస్టియన్ అని డిప్యూటీ తాసీల్దారు ఉండేవాడు. మన్యపోళ్ల చేత రోడ్డు పని చేయించీవాడు, కూలి సరిగా ఇచ్చీవాడు కాదు. అడిగితే కొట్టించీవాడు. పోడు కొట్టుకుందామంటే అడవి చట్టం అడ్డం. బట్టిపణుకుల మునసబు గాం గంటందొరకి ఆ బాస్టియనే ఉద్యోగం ఊడగొట్టాడు. రాజు గారికి గంటందొర, మల్లుదొర అన్నదమ్ములు తోడయ్యింది ఆ కడుపుమంటతోనే.

ఇక పోలీసు స్టేషన్ల మీద పడ్డారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు! 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు దొరికాయి. దొంగలాగ పట్టుకుపోలేదు నాయనా. ఏమేం తీసుకున్నదీ స్టేషను పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్లారు.

దామనపల్లి ఘాటీ గురించి కూడా వినండి. ఆ సెప్టెంబరు 24న పోలీసు పటాలం వరసగా ఘాటీ దిగుతోంది. రాజు గారి మనుషులు పొదల్లో ఉన్నారు. ముందు నడిచిన మన దేశపు పోలీసుల్ని పోనిచ్చారు, ఒక్క తూటా పేల్చలేదు. స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్లదొరలు ఎదురుకి వచ్చాక కాల్చారు. ఆ ఇద్దరి సమాధులు నర్సీపట్నంలోనే ఉన్నాయి. అవీ చూడాలి. ఎవరితో తలపడ్డారో తెలియకపోతే రాజు గారి పోరు సగమే తెలిసినట్టు.

1924 మే 7న రాజు గారిని మంప దగ్గర పట్టుకున్నారు. విచారణా లేదు, కోర్టూ లేదు. కొయ్యూరులో చెట్టుకు కట్టి కాల్చేశారు. అప్పటికి ఆయనకి 27 ఏళ్లు కూడా నిండలేదు. కృష్ణదేవిపేటలో దహనం చేశారు. ఆయన సమాధి అక్కడే, గంటందొర సమాధీ అక్కడే.

1974లో కృష్ణ వేసిన రాజు గారి సినిమా వచ్చాక ఊరూరా కుర్రోళ్లకి రాజు గారి మీద అభిమానం పొంగిపోయింది. గడ్డం, విల్లు, బాణం కనపడితే చాలు, చిన్నపిల్లలు కూడా పేరు చెప్పేస్తారు. గంటందొర మొహం ఎంతమందికి తెలుసు? మల్లుదొర అండమాన్ జైలు చూసొచ్చిన మనిషి. 1952లో మన విశాఖపట్నం నుంచే లోక్‌సభకు గెలిచాడు. ఆ కొండల్లో ప్రతి మలుపూ తెలిసినోళ్లు వాళ్లు. వాళ్లే లేకపోతే రాజు గారు రెండేళ్లు ఎలా నిలబడతారు? ఎక్కడ రాజు గారి విగ్రహం పెట్టినా, ఆ అన్నదమ్ములిద్దరినీ పక్కన నిలబెట్టాలంటాను నేను. పంచాయతీ వాళ్లకీ ఇదే మాట చెప్తున్నాను. మీరు పెద్దయ్యాక మీరూ అడగండి.