వృత్తి: కూలీ
(మన పని, మన చరిత్ర – 9)



పోయిన వారం కాలవ పూడికల పని గురించి రాస్తే చాలామంది మీ తాతల కథలు పంపించారు. అన్నీ చదివాను. ఈ వారం దుమ్ము గురించి.

ఆస్బెస్టాస్‌కి తెలుగులో రాతినార అని ఒక మంచి పేరుంది. స్కూలు పుస్తకాల్లో తప్ప ఎవరూ వాడరు. మన పేటల్లో దాన్ని రేకు అనే అంటాం. కానీ దాని గుణమంతా ఆ పాత పేరులోనే ఉంది. అది రాయి, కానీ నారలా చీలుతుంది. చీల్చేకొద్దీ సన్నబడుతుంది. వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నటి పోగులు గాలిలో తేలుతుంటే కంటికి కనపడవు. ఊపిరితో లోపలికి పోయాక, రాయి కాబట్టి కరగవు. ఒంట్లోని రక్షణ కణాలు వాటిని మింగబోయి అవే చస్తాయి. ఊపిరితిత్తి అక్కడక్కడా మచ్చకట్టి గట్టిపడుతుంది. 20 ఏళ్లకో, 30 ఏళ్లకో, ఒక్కోసారి 40 ఏళ్లకో క్యాన్సర్ బయటపడుతుంది.

ఆ 40 ఏళ్లను గుర్తుపెట్టుకోండి. పని చేయించుకున్నవాడికి అంతకంటే మంచి దాపు లేదు. జబ్బు బయటపడే నాటికి షెడ్డు ఉండదు, ఓనరు ఉండడు, పక్కన పనిచేసినవాళ్లు ఉండరు. నువ్వు అక్కడ పనిచేశావని చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు.

కృష్ణా డెల్టాలో మన ఇళ్ల చరిత్ర తాటాకుతో మొదలవుతుంది. ఎండాకాలం ఒక ఇల్లు అంటుకుంటే పేట మొత్తం బూడిదయ్యేది. అందుకే రేకు వచ్చినప్పుడు మనోళ్లకి అది భయం లేని నిద్ర. "రేకుల ఇల్లు వేశారు" అంటే ఆ కుటుంబం ఒక మెట్టెక్కినట్టే. హైదరాబాద్ సనత్‌నగర్‌లో 1940ల్లోనే సిమెంటు రేకుల ఫ్యాక్టరీ వచ్చింది, తర్వాత మన కొండపల్లికీ వచ్చింది. ఆ రాతినార కడప జిల్లా పులివెందుల వైపు కొండల్లోనూ దొరికేది. 1986లో కేంద్రం కొత్త గనుల లీజులు ఆపేసింది. దిగుమతి మాత్రం ఆపలేదు. బ్రిటన్ 1999లో నిషేధించింది, యూరప్ యూనియన్ మొత్తం 2005కల్లా నిషేధించింది. మనం రష్యా నుంచి ఓడల్లో తెప్పించుకుంటూనే ఉన్నాం.

"అప్పట్లో ఎవరికి తెలుసు?" అని అడిగేవాళ్లుంటారు. తెలుసు.

ఇంగ్లండ్‌లో రాచ్‌డేల్ అనే ఊళ్లో నెల్లీ కెర్షా అనే కార్మికురాలు రాతినార వడికే మిల్లులో పనిచేసింది. 33 ఏళ్లకే, 1924లో, ఊపిరాడక చనిపోయింది. జబ్బుతో ఉన్నప్పుడు ఆరోగ్య బీమా వాళ్లని డబ్బు అడిగితే, ఇది పని వల్ల వచ్చిన జబ్బు, కంపెనీని అడుగు అన్నారు. కంపెనీని అడిగితే, చట్టం లిస్టులో ఇలాంటి జబ్బే లేదు, మాకు సంబంధం లేదు అంది. ఒక తలుపు రెండో తలుపుని చూపించింది, రెండోది మూసేసి ఉంది. ఆ ఊరి మిల్లు కార్మికుల మీదే రిచర్డ్ డాల్ అనే శాస్త్రవేత్త 1955లో పరిశోధన ప్రచురించాడు. 20 ఏళ్లకు పైగా ఆ దుమ్ములో పనిచేసిన 113 మంది మగవాళ్లని లెక్కగట్టాడు. మామూలుగా అయితే వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఒక్కరు కూడా పోకూడదు, అంచనా 0.8. పోయినవాళ్లు 11 మంది.

డాల్ ఈ లెక్క ఎలా తేల్చగలిగాడు? ఎవరు ఏ సంవత్సరం చేరారు, ఏ పని చేశారు, ఎంతకాలం చేశారు అన్న వివరాలు మిల్లు రికార్డుల్లో ఉన్నాయి. కాగితం ఉంది కాబట్టి నేరం రుజువైంది. ఇప్పుడు మన బెజవాడకి రండి.

1966లో మొదలైన ఆటోనగర్ మీకు తెలుసు. దేశంలోని ఏ మూల లారీ అయినా అక్కడ బాడీ కట్టించుకోవాలనుకుంటుంది. గన్నవరం చుట్టుపక్కల పేటల నుంచి పొద్దున్నే బస్సెక్కి ఆటోనగర్‌కి పోయిన పిల్లలు రెండు తరాలు ఉన్నారు. మా పెదనాన్న వాళ్లలో ఒకడు. 14 ఏళ్లకి ఒక షెడ్డులో చేరి, 30 ఏళ్లకి పైగా బ్రేకుల పని చేశాడు. డ్రమ్ము విప్పడం, లోపలి దుమ్ముకి ఎయిర్ కొట్టడం, పాత లైనర్ పీకి కొత్తది రివిట్లు కొట్టి బిగించడం, రాకి సైజు చేయడం. లారీల బ్రేక్ లైనర్లలో దశాబ్దాలపాటు వాడింది రాతినారే. వేడిని తట్టుకుంటుంది కాబట్టి. ఎయిర్ కొట్టగానే లేచే తెల్లటి పొగలో నిలబడి పెదనాన్న మధ్యాహ్నం బాక్సు విప్పేవాడు. సాయంత్రం ఆ చొక్కాతోనే ఇంటికొచ్చేవాడు. దాన్ని బండకేసి ఉతికింది పెద్దమ్మ.

2016లో ఆయాసం మొదలైంది. ముందు టీబీ అన్నారు. మన పేటల్లో దగ్గుకి ఉన్న పేరు అదొక్కటే. ఆ మందులు నెలల తరబడి మింగాడు. తర్వాత ఒక పెద్దాసుపత్రిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. నేను పక్కనే ఉన్నాను. డాక్టర్‌గారు అడిగింది ఒకే ప్రశ్న.

"బీడీలు తాగుతావా?"

"తాగుతానండి."

కేస్ షీట్‌లో అదే రాశారు. కింద వృత్తి అన్న కాలమ్ ఉంది. దాంట్లో క్లర్కు మమ్మల్ని అడక్కుండానే రాసేశాడు: కూలీ.

తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేశాను. ఒక్క మాటలో ఎంత అర్థం ఇముడుతుందో క్లాసులో పిల్లలకి చెప్తుంటాను. ఒక్క మాటలో ఒక మనిషి 30 ఏళ్ల పనితనం, ఆ పనితోపాటు ఒక జబ్బు మూలం, ఎలా మాయమవుతాయో ఆ కాలమ్‌లో చూశాను.

బీడీ అబద్ధం కాదు. కానీ అది సగం నిజం. అమెరికాలో రాతినార కార్మికుల మీద 1979లో వచ్చిన లెక్క చూడండి. పొగా లేక దుమ్మూ లేనివాడితో పోలిస్తే, సిగరెట్ మాత్రమే తాగేవాడికి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే ప్రమాదం దాదాపు 11 రెట్లు. దుమ్ము మాత్రమే పీల్చినవాడికి 5 రెట్లు. రెండూ ఉన్నవాడికి 50 రెట్లు పైనే. డాక్టర్ బీడీ దగ్గర ఆగిపోతే తప్పంతా రోగిదే అవుతుంది. దుమ్ము దాకా పోతే ఇంకొకరు జవాబు చెప్పాలి.

వైద్యం ఖర్చు ఆరోగ్యశ్రీలో వచ్చింది. మంచిదే. కానీ అది ప్రజల డబ్బు. దుమ్ము లేపి సంపాదించినవాడి జేబులోంచి రూపాయి కదల్లేదు.

ఇక్కడ బాబాసాహెబ్‌ని తలుచుకోవాలి. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూశారు. ధన్‌బాద్ బొగ్గు గనుల్లోకి స్వయంగా దిగి చూశారు. కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక ఆయన హయాంలోనే తయారైంది. 1948 నాటి ఈఎస్ఐ చట్టానికి పునాది అదే. కానీ నలుగురు పనిచేసే షెడ్డుకి ఈఎస్ఐ వచ్చేది కాదు. పెదనాన్న ఉన్న షెడ్డులో నలుగురే.

రెండో పేరు మనలో చాలామందికి తెలీదు. జస్టిస్ కె. రామస్వామి. తెలుగువాడు, దళితుడు, 1989 నుంచి 1997 దాకా సుప్రీంకోర్టు న్యాయమూర్తి. ఏజెన్సీ భూములని గిరిజనేతరులకి మైనింగ్ లీజుకి ఇవ్వకూడదన్న సమత తీర్పు ఆయన రాసిందే అని కొందరికి తెలుసు. అంతకంటే రెండేళ్ల ముందు, 1995 జనవరి 27న, ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో తీర్పు కూడా ఆయనే రాశారు. ఉద్యోగంలో ఉన్నప్పుడే కాదు, మానేశాక కూడా కార్మికుడి ఆరోగ్యం, వైద్యం ఆర్టికల్ 21 కింద ప్రాథమిక హక్కు అన్నారు. ఆస్బెస్టాసిస్ ఉందని నిర్ధారణ అయిన కార్మికుడికి లక్ష రూపాయల పరిహారం ఇమ్మన్నారు.

ఆ తీర్పులో నన్ను ఆపేసింది ఇంకో ఆదేశం. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునీ పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు గానీ, మానేశాక 15 ఏళ్లు గానీ, ఏది ఎక్కువైతే అంతకాలం ఫ్యాక్టరీ దాచి ఉంచాలి. జబ్బు 40 ఏళ్లు దాక్కుంటుంది, కాబట్టి కాగితం కూడా 40 ఏళ్లు ఉండాలి. చరిత్రలో ఏ కాగితంలోనూ లేని జనంలోంచి వచ్చిన న్యాయమూర్తి కాగితం విలువని ఇలా చట్టంలోకి ఎక్కించాడు.

కానీ రికార్డు దాచాలంటే ముందు రాసి ఉండాలి. కాంట్రాక్టర్ కింద పేరు మారుతూ పోయేవాడికి, షెడ్డులో వారం కూలీ తీసుకునేవాడికి, మేస్త్రీ వెనకాల రేకులు కోసేవాడికి మస్టర్ ఎక్కడిది? నష్టపరిహారం ఇవ్వాల్సిన జబ్బుల చట్టం లిస్టులో ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ పేరు ఉంది. నెల్లీ కెర్షాకి లేని లిస్టు మనకుంది. ఆ లిస్టు దాకా పోయే కాగితమే మన దగ్గర లేదు.

అందుకే ఈ వారం మీకొక పని. మీ ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి రాయండి. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఎవరి దగ్గర, ఏ పని, ఎలాంటి దుమ్ము. రేకులా, బ్రేకులా, క్రషర్ రాయా, వెల్డింగ్ పొగా, డీజిల్ పొగా. ఇవన్నీ క్యాన్సర్ కారకాలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం తేల్చింది. పక్కన పనిచేసినవాళ్ల పేర్లు కూడా రాసి, వాళ్ల చేత సంతకాలు పెట్టించండి. ఆసుపత్రికి పోయినప్పుడు ఆ కాగితం తీసి డాక్టర్ ముందు పెట్టి, దీన్ని కేస్ షీట్‌లో ఎక్కించండి అని అడగండి.

ఇప్పటికీ ఆ పనుల్లో ఉన్న తమ్ముళ్లు డ్రమ్ముకి ఎయిర్ కొట్టకండి, తడిగుడ్డతో తుడవండి. రేకు కోయాల్సి వస్తే నీళ్లు కొట్టి చేతి రంపంతో కోయండి. పగలని రేకు కింద ఉన్నవాళ్లు హడలిపోవద్దు, ప్రమాదం కోతలోనూ పగలగొట్టడంలోనూ ఎక్కువ. పని బట్టలు పిల్లల బట్టలతో కలిపి నానబెట్టొద్దు.

పెదనాన్న 2017లో పోయాడు. ఆయన పని గురించి నేను రాసుకున్న కాగితం రెండు పేజీలొచ్చింది. ఆయనతో పనిచేసిన ఇద్దరు దాని కింద సంతకం చేశారు. వాళ్లిద్దరికీ ఇప్పుడు దగ్గుంది. వచ్చే సోమవారం వాళ్లని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. ఈసారి వృత్తి కాలమ్ దగ్గర నేనే నిలబడతాను.

జై భీమ్.