గాలి ధార చేసిన పని

వేడి అన్నం ముద్దను చల్లార్చాలంటే మీరేం చేస్తారు? దగ్గరగా పెట్టుకుని నేరుగా దానిమీదికే ఊదుతారు. వేడి వస్తువును అంటుకుని పలుచని గాలి పొర ఒకటి దుప్పటిలా ఉంటుంది. ధార సూటిగా తగిలిన చోట ఆ పొర మరీ పలచబడి, వేడి త్వరగా బయటపడుతుంది.

1946లో ప్రపంచానికి పరిచయమైన ఎనియాక్ కంప్యూటర్‌లో సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులు, 150 కిలోవాట్ల విద్యుత్తు! బ్లోయర్లు ఆగితే యంత్రం ఆగినట్టే. సిలికాన్ చిప్పులు వచ్చాక ఈ బాధ తీరిందనుకుంటాం. తీరలేదు; వేడి గోరంత చోటుకు చేరింది.

అందుకే 1980లో ఐబీఎం తన 3081 కంప్యూటర్‌కు నీటి గొట్టాలు అమర్చింది. కరెంటు పక్కనే నీళ్లు! పైగా పంపులు, వాటి ఖర్చు. అన్ని సంస్థలూ భరించగలవా?

1983లో వచ్చిన, అంతకన్నా చిన్నదైన 4381లో వేరే దారి తొక్కారు. 36 దాకా చిప్పులు పట్టే ఒక్కో పింగాణీ మాడ్యూల్‌పై లోహపు హీట్ సింక్ బిగించి, దానిమీదికి విడిగా గాలి ధార వదిలారు. గాలి వరుసగా పారితే చివరి మాడ్యూల్‌కు అందేది ముందువాటి వేడిగాలే కదా! ఇక్కడ ప్రతిదానికీ తాజా గాలి అందింది. నీటి గొట్టాల అవసరం లేకపోయింది.