రోగి హక్కుల ట్రిబ్యునల్ (ఇటలీ)

ఇటలీ ప్రభుత్వ ఆసుపత్రులలో రోగుల పక్షాన 1980 నుంచి పనిచేస్తున్న పౌర స్వచ్ఛంద సేవకుల సంస్థకు ‘త్రిబునాలె పెర్ ఇ దిరిత్తి దెల్ మలాతో’, అనగా రోగి హక్కుల ట్రిబ్యునల్, అని పేరు. పేరుకు ట్రిబ్యునలే అయినా తీర్పు చెప్పే అధికారం గాని, శిక్ష విధించే అధికారం గాని దీనికి లేవు. రోగుల మాట విని, వారి సాక్ష్యాలను కూడగట్టి, ఆసుపత్రి అధికారుల చేత ప్రజలకు జవాబు చెప్పించడమే దీని పని.

ఇటలీలో రోగుల సేవ కొత్తది కాదు. మధ్యయుగాలలో ఏర్పడిన క్రైస్తవ సోదర సంఘాలు, ముఖ్యంగా 1244లో ఫ్లోరెన్సులో వెలసిన మిజెరికోర్దియా, రోగులను మోసుకుపోవడాన్ని, దిక్కులేని శవాలకు అంత్యక్రియలు జరపడాన్ని పుణ్యకార్యంగా శతాబ్దాల పాటు కొనసాగించాయి గాని, ఆ సేవలో రోగి దయకు పాత్రుడే తప్ప హక్కుదారుడు కాడు. 1948 జనవరి 1న అమలులోకి వచ్చిన ఇటలీ రాజ్యాంగం తన 32వ అధికరణంలో ఆరోగ్యాన్ని వ్యక్తి ప్రాథమిక హక్కుగాను, సమాజ ప్రయోజనంగాను ప్రకటించి, నిరుపేదలకు ఉచిత వైద్యం అందిస్తామని హామీ ఇచ్చింది. అయినప్పటికీ మరి 30 ఏళ్ల పాటు వైద్యం వృత్తులవారీగా ఏర్పడిన బీమా నిధుల మీదనే ఆధారపడినందువల్ల, ఎవరికి ఎంత వైద్యం అందుతుందన్నది వారు చేసే ఉద్యోగాన్ని బట్టి ఉండేది.

ఈ చరిత్రలో 1978 కీలకమైన సంవత్సరం. ఆ మే 13న, మనోవైద్యుడు ఫ్రాంకో బజాలియా కృషికి ఫలితంగా, పిచ్చాసుపత్రుల మూసివేతకు దారితీసిన 180వ నంబరు చట్టం వచ్చింది. డిసెంబరు 23న వచ్చిన 833వ నంబరు చట్టం బీమా నిధుల స్థానంలో, ఉద్యోగంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తించే జాతీయ ఆరోగ్య సేవను నెలకొల్పి, దాని అమలులో పౌరుల భాగస్వామ్యం ఉండాలని కూడా చెప్పింది. కాని ఆ సేవను నడిపే స్థానిక ఆరోగ్య విభాగాల నిర్వహణ సంఘాలలో రాజకీయ పార్టీలు పంపినవారే కూర్చోవడంతో, పౌరుల భాగస్వామ్యం చాలాచోట్ల కాగితం దాటలేదు. అదే ఏడాది పుట్టిన ‘ప్రజాస్వామిక సమాఖ్య ఉద్యమం’ అనే పౌర సంఘం ఈ లోటును పూరించడానికి పూనుకున్నది. ఉగ్రవాదుల చేతిలో 1978లో హతుడైన మాజీ ప్రధాని ఆల్డో మోరో కుమారుడు జొవాన్ని మోరో ఈ ఉద్యమానికి చాలాకాలం నాయకత్వం వహించాడు.

1980 జూన్ 29న రోమ్ నగరపాలక సంస్థ కొలువుండే కాంపిదోలియో కొండ మీద ఈ ఉద్యమం రోగుల 33 హక్కుల పత్రాన్ని బహిరంగంగా ప్రకటించడంతో ట్రిబ్యునల్ చరిత్ర మొదలైంది. ఆ తరువాత పలు పట్టణాలలో స్థానిక శాఖలు ఏర్పడి, తమ ఊరి ఆసుపత్రులలో రోగులు చెప్పుకున్న బాధల ఆధారంగా తమ సొంత హక్కుల పత్రాలను రాసుకున్నాయి. వైద్యులు, నర్సులు, న్యాయవాదులు, వైద్యంతో ఏ సంబంధమూ లేని సామాన్యులు ఒకే బృందంలో కలిసి పనిచేయడం ఈ శాఖల మెచ్చదగిన లక్షణం. వీలున్నచోట వీరు ఆసుపత్రిలోనే ఒక గది సంపాదించుకుని, రోగులను, వారి బంధువులను కలుసుకునేవారు. వార్డులు తిరిగి స్వయంగా పరిశీలించేవారు. తాము చూసినదానిని అధికారుల ముందు పెట్టి, వ్యాజ్యం దాకా పోకుండా పరిష్కరించడానికి ప్రయత్నించేవారు.

ఈ పట్టుదలకు 1990లలో చట్టపరమైన గుర్తింపు దక్కింది. 1992 డిసెంబరు 30 నాటి 502వ నంబరు శాసనం స్థానిక విభాగాలను ఆరోగ్య కంపెనీలుగా మార్చివేసినా, తన 14వ అధికరణంలో రోగుల హక్కులను కాపాడే స్వచ్ఛంద సంస్థలు ఆసుపత్రుల లోపల పనిచేయడాన్ని ప్రోత్సహించాలని పేర్కొన్నది. 1995 మే 19న ప్రధానమంత్రి ఉత్తర్వుగా వెలువడిన ఆరోగ్య సేవల పత్రం నమూనాలో, ఆసుపత్రిలో చేరిన మనిషిని మంచం నంబరుతోనో జబ్బు పేరుతోనో కాక అతని పేరు, ఇంటిపేరులతోనే గుర్తించాలని, ‘మీరు’ అని మన్నిస్తూ పలకరించాలని స్పష్టంగా రాశారు. చిన్న విషయంగా కనిపించే ఈ నియమం వార్డులో రోజంతా పడుకుని ఉండే రోగికి ఎంత ముఖ్యమో ఊహించవచ్చు.

1996లో ఫిర్యాదులను స్వీకరించి సలహా ఇచ్చే ‘పిట్ సలూతె’ సేవ ప్రారంభమైంది; అందులో చేరే ఫిర్యాదులను క్రోడీకరించి వెలువరించే నివేదికలు దేశంలో ప్రభుత్వ వైద్యం తీరును రోగి వైపు నుంచి చూపుతాయి. ట్రిబ్యునల్‌కు మాతృసంస్థ అయిన ప్రజాస్వామిక సమాఖ్య ఉద్యమం 2000లో ‘చిత్తాదినాంజాత్తీవా’, అనగా క్రియాశీల పౌరసత్వం, అనే పేరు స్వీకరించింది. మరుసటి ఏడాది రాజ్యాంగ సవరణ 118వ అధికరణంలో, ప్రజాహితం కోసం పౌరులు స్వయంగా చేపట్టే పనులకు ప్రభుత్వాలు తోడ్పడాలన్న సూత్రాన్ని చేర్చింది. 2002లో ఈ సంస్థ ఐరోపా విభాగం ఇతర దేశాల సంఘాలతో కలిసి 14 హక్కులతో ఐరోపా రోగి హక్కుల పత్రాన్ని రూపొందించింది. రోగి సమయాన్ని గౌరవించడం, అనవసరమైన నొప్పిని నివారించడం వాటిలో ఉన్నాయి. నొప్పి తీవ్రతను కేసు షీటులో తప్పక నమోదు చేయాలని 2010 నాటి 38వ నంబరు చట్టం, వైద్య రికార్డులను అడిగిన 7 రోజులలో ఇవ్వాలని 2017 నాటి 24వ నంబరు చట్టం ఆదేశించాయి.

ఇటీవలి కాలంలో పరీక్షలకు, స్పెషలిస్టు వైద్యులకు ఏర్పడిన నిరీక్షణ జాబితాలే ప్రధాన సమస్య. వైద్యుడు చీటీ మీద రాసే అక్షరాన్ని బట్టి గడువు మారుతుంది: ‘యు’ అయితే 72 గంటలు, ‘బి’ అయితే 10 రోజులు, ‘డి’ అయితే వైద్యుడిని చూడడానికి 30, పరీక్షకు 60 రోజులు, ‘పి’ అయితే 120 రోజులు. ఆ గడువు దాటితే, అదే ఆసుపత్రి వైద్యుడి ప్రైవేటు సమయంలో, మామూలు ప్రభుత్వ రుసుము మాత్రమే చెల్లించి చూపించుకునే అవకాశాన్ని 1998 నాటి 124వ నంబరు శాసనం కల్పించింది. ఈ సంగతి తెలియక చాలామంది సొంత డబ్బు పెట్టుకుంటున్నందువల్ల, వారికి దీనిని వివరించి దరఖాస్తు నమూనా అందించడం కూడా సంస్థ పనులలో ఒకటిగా మారింది.