కంటి అద్దముల నుండి కాంతి శస్త్రము వరకు

సంస్కృతమున చత్వారింశత్తనగా నలువది. నలువది యేండ్లు దాటినవారికి దగ్గరి యక్షరములు మసకబారుటను మన పెద్దలు అందుచేతనే చత్వారమనిరి. నాకును చత్వారము వచ్చినది. ఫైలు చేతికి రాగానే అద్దములు వెదకుకొనుచున్నాను. మా తల్లిగారికి శుక్లములు తీయించితిమి. మా అమ్మాయికి హ్రస్వదృష్టి. దూరపు వస్తువులు స్పష్టముగా కానరావు. కళాశాలలో చేరినది మొదలు “నాన్నగారూ, లేజరు చేయించుకుని ఈ అద్దాలు తీసేయనా?” అని అడుగుచున్నది. ఆమెకు సమాధానము చెప్పుటకై ఈ చికిత్స చరిత్రను కొంత పరిశీలించితిని.

కంటి అద్దములు 13వ శతాబ్ది చివర ఇటలీలో పుట్టినవి. పిమ్మట శతాబ్దుల తరబడి మానవుడు కంటి ముందరి గాజును దిద్దెనే గాని కంటిని దిద్దలేకపోయెను. 20వ శతాబ్ది మధ్యభాగమున కొలంబియా దేశపు బొగొటా నగరమున హొసే బర్రకేర్ అను వైద్యుడు, నల్లగ్రుడ్డు ముందుండు కార్నియా అను పారదర్శకపు పొరను పలుచగా తీసి, గడ్డకట్టించి, లేతు యంత్రముపై చెక్కి, తిరిగి అతికించు పద్ధతిని కనిపెట్టెను. 1960లో అమెరికాలో థియొడోర్ మేమన్ తొలి లేజరును వెలిగించెను.

ఈ రెంటిని కలుపు మార్గము చూపినవారిలో ముఖ్యుడు మన దక్షిణాదివాడే. రంగస్వామి శ్రీనివాసన్ 1929లో మదరాసున జన్మించి, అచ్చటి విశ్వవిద్యాలయమున చదివి, అమెరికాలో ఐ.బి.ఎం. పరిశోధనాలయమున పనిచేయుచుండెను. 1981 నవంబరులో, అచ్చటి కృతజ్ఞతా పండుగ మరునాడు, విందులో మిగిలిన టర్కీ కోడి ముక్కను పరిశోధనాలయమునకు కొనిపోయి, దానిపై ఎక్సైమరు లేజరు యొక్క అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసెను. చుట్టుప్రక్కల ఏమాత్రము మాడక, కాంతి తగిలినచోటు మాత్రమే తెగెను. 1983లో నేత్రవైద్యుడు స్టీఫెన్ ట్రొకెల్‌తో కలసి జంతువుల కార్నియాపై దీనిని పరీక్షించిరి. 1988 నాటికి చూపున్న మనుష్యుల కంటికి ఈ చికిత్స జరిగెను. 1990 ప్రాంతమున గ్రీసు వైద్యుడు పల్లికారిస్, బర్రకేర్ వలె పైపొరను లేపి, లోపల లేజరుతో చెక్కి, పొరను మరల కప్పెను. అదియే లాసిక్. 2013లో శ్రీనివాసన్‌కును, ఆయన సహచరులు విన్, బ్లమ్‌లకును అమెరికా జాతీయ పతకము లభించెను.

ఇక మనము నివసించు పుదుచ్చేరికిని నేత్రవైద్య చరిత్రకును గల సంబంధము వేరు విధమైనది. 1910 నుండి 1950 వరకు శ్రీ అరవిందులు ఇచ్చట నివసించిరి. వారి భక్తుడగు డాక్టరు జి. వెంకటస్వామి, 58వ యేట ప్రభుత్వోద్యోగము నుండి విరమించి, 1976లో మదురలో 11 పడకలతో అరవిందుల పేర నేత్రాలయము స్థాపించెను. కీళ్లవాతముచే వ్రేళ్లు వంకరపోయినను ఆయన శస్త్రము విడువలేదు. సొమ్ము చెల్లింపగల రోగుల వలన వచ్చు ఆదాయముతో పేదలకు ఉచితముగా శుక్లములు తీయుట ఆ సంస్థ పద్ధతి. దాని శాఖ 2003లో పుదుచ్చేరిలో వెలసినది. ఆయన 2006లో కీర్తిశేషులైరి.

ఈ రెండు చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచి చూచిన నాకొక భేదము తోచినది. శుక్లము తీయుట పోయిన చూపును తెచ్చుట. కట్టు విప్పిన దినమున మా తల్లిగారు మనుమరాలి ముఖమును చాలసేపు చూచుచు కూర్చుండిరి. లేజరు దిద్దుబాటన్ననో, అద్దముతో చక్కగా చూచు ఆరోగ్యమైన కంటికి చేయు శస్త్రము. కావున ఇచ్చట తొందర తగదు. పదునెనిమిదేండ్లు నిండి, అద్దముల నంబరు మారక నిలిచి, కార్నియా తగినంత మందముగా ఉన్నవారికే వైద్యులు దీనిని చేయుదురు. కొందరికి పిమ్మట కన్ను పొడిబారును. రాత్రివేళ దీపముల చుట్టు వలయములు కనబడును. చత్వారమును ఇది ఆపజాలదు; నా యీడు వచ్చునప్పటికి ఆమెకును చదువుకొను అద్దములు అవసరము కావచ్చును.

ఆమె నంబరు ఇంకను మారుచున్నది. ఒక సంవత్సరము ఆగి, మరల పరీక్ష చేయించుదమంటిని. అమ్మాయి అంగీకరించినది, కాని గోడనున్న క్యాలెండరుపై తేదీ గుర్తుపెట్టుకొన్నది. అది చూచుటకు నాకు అద్దములు కావలసివచ్చినవి.